రైలు దిగి విమానం ఎక్కేలోపు: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఐదింటిని ఒకచోట చేర్చాము. రాసినవారి ఊళ్లు వేరైనా అడిగిన సంగతి ఒక్కటే: ఒక బండి దిగి మరొకటి ఎక్కేలోపు చేతిలో మిగిలే కొద్ది గంటలను విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో ఎలా గడపాలన్నది. మొదటి రెండు ఉత్తరాలకు కాస్త వివరంగా, మిగిలినవాటికి క్లుప్తంగా సమాధానం ఇస్తున్నాము.

ప్రశ్న: మాది పార్వతీపురం. వచ్చే నెలలో నేను, మా అబ్బాయి, కోడలు, ఎనిమిదేళ్ల మనవరాలు హైదరాబాదు వెళ్తున్నాము. మా రైలు ఉదయం 9 గంటలకు విజయనగరం చేరుతుంది. విశాఖపట్నం నుంచి విమానం రాత్రి 8 గంటలకు. నేరుగా విమానాశ్రయానికి పోయి కూర్చుంటే నిశ్చింతగా ఉంటుందని మా అబ్బాయి అంటాడు. నేను నలభై ఏళ్ల కిందట మహారాజా కళాశాలలో చదువుకున్నవాణ్ణి. పిల్లకు ఆ ఊరు చూపించాలని నాకున్నది. ఎవరి మాట వినమంటారు?
— ఒక పాఠకుడు, పార్వతీపురం

సమాధానం: మీ అబ్బాయి జాగ్రత్తను తప్పుపట్టలేము, అయితే ఆయన చెప్పిన ఉపాయం మాత్రం మంచిది కాదు. దేశీయ విమానాలకు సామాను తీసుకునే కౌంటర్లు సాధారణంగా రెండు మూడు గంటల ముందు తప్ప తెరవరు కనుక, మీరు ఉదయం 11 గంటలకే అక్కడికి చేరుకుంటే సాయంత్రం దాకా పెట్టెలను కాళ్ల దగ్గర పెట్టుకొని, ఇంటి ధరకు నాలుగింతలు పెట్టి టీ తాగుతూ కూర్చోవలసి వస్తుంది. ఎనిమిదేళ్ల పిల్లకు అది శిక్ష, పెద్దవారికి నడుము నొప్పి.

కాబట్టి ఊరు చూడండి. కానీ గంటలను రైలు దిగిన దగ్గర నుంచి ముందుకు కాక, విమానం బయలుదేరే వేళ నుంచి వెనక్కి లెక్కపెట్టండి. రాత్రి 8 గంటల విమానానికి చాలా సంస్థలు 7 గంటలకే చెకిన్ కౌంటరు మూసేస్తాయి. కుటుంబంతో, సామానుతో వెళ్లేవారు 6 గంటలకు విమానాశ్రయం గుమ్మంలో ఉండాలి. విజయనగరం నుంచి అక్కడికి దూరం అరవై కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. రోడ్డు ఖాళీగా ఉంటే గంటన్నరలో చేరవచ్చు గాని, తగరపువలస, ఆనందపురం దాటి నగరంలోకి ప్రవేశించేసరికి సాయంత్రపు రద్దీ ఎదురవుతుంది కనుక రెండు గంటలు అనుకోవడమే క్షేమం. దారిలో టైరు పంక్చరో, చంటిపిల్లలకుండే అవసరమో, వానో వస్తే పనికివచ్చేటట్లు మరో అరగంట వదిలిపెట్టండి. అంటే మీరు విజయనగరంలో కారు ఎక్కవలసిన వేళ మధ్యాహ్నం 3 గంటల 30 నిమిషాలు. ఉదయం టిఫిను, మధ్యాహ్నం భోజనం పోగా ఊరికి మిగిలేది నాలుగున్నర గంటలు. పదకొండు గంటల వ్యవధి నాలుగున్నరకు దిగిందని నిరాశ పడకండి. ఈ లెక్క వేసుకోకుండా బయలుదేరినవారే చివరికి ఏదీ సరిగా చూడకుండా పరుగెత్తుతారు.

సామాను సంగతి ముందే తేల్చుకోండి. రైల్వే క్లోక్‌రూములో పెట్టదలిస్తే ప్రతి పెట్టెకూ తాళం ఉండాలి, రైలు టికెట్టు చేతిలో ఉండాలి. తాళం లేని గుడ్డసంచిని, తినుబండారాల మూటను తీసుకోరు. మీరు నలుగురు కాబట్టి ఒక కారును ఉదయం 10 గంటల నుంచి విమానాశ్రయం దాకా మాట్లాడుకుంటే సామాను అందులోనే ఉంటుంది, మళ్లీ స్టేషనుకు రావలసిన పని ఉండదు. ఖర్చు ఎక్కువే అయినా మీ విషయంలో అదే నయమని మా అభిప్రాయం.

ఇక ఊరు. స్టేషనుకు దగ్గరలోనే పైడితల్లి అమ్మవారి వనం గుడి ఉంది. మూడు లాంతర్ల దగ్గర ఉన్న చదురు గుడి అందరికీ తెలుసు గాని, రైలు దిగినవారు ఈ వనం గుడిని చూడకుండానే ఆటో ఎక్కి వెళ్లిపోతుంటారు. మనవరాలికి అక్కడే కథ మొదలుపెట్టండి. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం జరగడం, అన్నగారైన విజయరామరాజు తాండ్ర పాపారాయుడి చేతిలో మరణించాడన్న వార్త విని చెల్లెలు పైడిమాంబ పెద్దచెరువు గట్టున ప్రాణం విడవడం, ఆ తరువాత ఆ చెరువులోనే అమ్మవారి విగ్రహం దొరకడం ఈ ఊరివాళ్లు తరతరాలుగా చెప్పుకుంటున్న గాథ. విజయదశమి తరువాత వచ్చే మంగళవారం నాడు జరిగే సిరిమానోత్సవం గురించి కూడా చెప్పండి. అమ్మవారు పూజారి కలలోకి వచ్చి ఫలానా చోట ఉన్న చింతమాను కావాలని చెబుతుందట. ఆ పొడవాటి మాను కొసన పూజారి కూర్చోగా, చదురు గుడికి, కోటకు మధ్య మూడుసార్లు ఊరేగిస్తారు. పిల్లలు ఇది విన్నాక కోటను వేరే కళ్లతో చూస్తారు. మీ ప్రయాణం సరిగ్గా ఆ మంగళవారం నాడే పడితే మాత్రం ఈ ఆలోచన అంతా మానుకోండి. ఆ రోజు ఊళ్లోకి వచ్చిన కారు మధ్యాహ్నం 3 గంటలకు బయటికి రావడం దుర్లభం.

కోట కట్టినది 1713లో. అది విజయ నామ సంవత్సరం. శంకుస్థాపన విజయదశమి నాడు, మంగళవారం, అంటే జయవారం నాడు జరిగిందని, కట్టించిన రాజు పేరులోనూ విజయమే ఉన్నదని చెబుతారు. అరవై ఏళ్ల చక్రాన్ని 2013 నాటి విజయ నుంచి వెనక్కి తిప్పి చూస్తే సంవత్సరం లెక్క సరిగ్గానే కుదురుతుంది. మనవరాలి చేత ఈ తీసివేత చేయించండి. లోపల ఇప్పుడు మాన్సాస్ విద్యాసంస్థలు నడుస్తున్నాయి కాబట్టి అన్ని గదులూ తిరిగి చూడగలమనుకోవద్దు. నాలుగు బురుజులు, గోడల మందం, ద్వారం మీది పనితనం చూసి, లోపల కాసేపు నడిచి రావచ్చు. గంట చాలు.

ఆ తరువాత మీ కళాశాలకు వెళ్లండి. 1857లో పాఠశాలగా మొదలై 1879లో కళాశాల అయిన ఆ ఆవరణలో మీకు మా మార్గదర్శనం అవసరం లేదు. ఒక్క మాట: ఇక్కడ మీరే ఎక్కువసేపు ఆగిపోతారు. నలభై ఏళ్ల తరువాత వచ్చిన విద్యార్థులు ఎవరైనా అంతే. కాబట్టి దీనికి గంట కాక గంటన్నర కేటాయించి, అందుకు బదులుగా జాబితాలోంచి మరొకటి తీసేయండి.

గురజాడ అప్పారావుగారు అధ్యాపకుడిగా పనిచేసినదీ ఈ కళాశాలలోనే. ఆయన ఉన్న ఇల్లు స్మారకంగా ఊళ్లోనే ఉంది. పెద్ద ప్రదర్శనశాలను ఊహించుకుని వెళ్లకండి. అది ఒక మామూలు ఇల్లు. అయితే 1892లో తొలిసారి ప్రదర్శించిన కన్యాశుల్కం చదివినవారికి, ఆ నాటకంలో వినిపించే బొంకుల దిబ్బ ఈ వీధుల్లోనే ఉన్నదని తెలిసినవారికి ఆ ఇంటి అరుగు దగ్గర పావుగంట నిలబడటం చాలా బాగుంటుంది. నాటకం చదవనివారికి, నిజం చెప్పాలంటే, ఏమీ అనిపించదు.

పాట మీద మనసున్నవారైతే మహారాజా ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలకు వెళ్లడం ఇంకా మంచిది. 1919లో దానిని స్థాపించినప్పుడు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులు. తరువాత ద్వారం వెంకటస్వామినాయుడుగారు ఆ పదవిలో ఉన్నారు. ఘంటసాల ఇక్కడే చదువుకున్నారు. ఆ రోజుల్లో ఆయన మధుకరం ఎత్తుకుని, అంటే ఇంటింటా అడిగి తెచ్చుకున్న అన్నం తిని పాట నేర్చుకున్న సంగతి తెలుగువారందరికీ తెలుసు. తరగతులు జరుగుతున్న రోజైతే కిటికీలోంచి వీణో వయొలినో వినిపిస్తుంది. లోపలికి వెళ్లాలంటే కార్యాలయంలో అడిగి వెళ్లడం మర్యాద.

భోజనం 1 గంటకే ముగించండి. మూడు లాంతర్లు, 1885లో కట్టిన గంటస్తంభం దారిలోనే కనిపిస్తాయి, వాటికోసం ప్రత్యేకంగా సమయం పెట్టుకోనక్కరలేదు.

రామతీర్థం వెళ్లమని మీకు చాలామంది చెబుతారు. నెల్లిమర్ల మీదుగా పన్నెండు పదమూడు కిలోమీటర్లే కదా అంటారు. ఈ శీర్షిక రాస్తున్న నేను ఒకసారి సరిగ్గా ఇలాంటి వ్యవధిలోనే ఆ మాట నమ్మి వెళ్లాను. చేరేసరికి మధ్యాహ్నపు వేళ, గుడి తలుపులు మూసి ఉన్నాయి. ఎలాగూ వచ్చాము కదా అని బౌద్ధ శిథిలాలున్న గురుభక్తుల కొండ ఎక్కడం మొదలుపెట్టాను. ఎండలో సగం ఎక్కి, వాచీ చూసుకుని, దిగి, తిరుగుదారిలో రైల్వే గేటు దగ్గర ఇరవై నిమిషాలు ఆగి, చివరికి కౌంటరు మూయడానికి నాలుగు నిమిషాల ముందు విమానాశ్రయంలో అడుగుపెట్టాను. గుడీ చూడలేదు, కొండా ఎక్కలేదు, ఊరూ చూడలేదు. రామతీర్థం ఒక పూట పూర్తిగా ఇవ్వవలసిన చోటు; ఉదయం రైలు దిగగానే నేరుగా అక్కడికే వెళ్లి, ఊరిని వదులుకోగలిగితే వెళ్లండి. రెండూ కావాలంటే కుదరదు.

ప్రశ్న: మా చెల్లెలు బెంగళూరులో ఉద్యోగం చేస్తుంది. ఉదయం 8 గంటలకు విశాఖపట్నంలో విమానం దిగి, రాత్రి 9 గంటల 30 నిమిషాలకు శ్రీకాకుళంలో కోల్‌కతా వైపు వెళ్లే రైలు ఎక్కాలి. మధ్యలో నేను నరసన్నపేట నుంచి వచ్చి కలుస్తాను. అరసవల్లి, శ్రీకూర్మం, శ్రీముఖలింగం, శాలిహుండం, కళింగపట్నం అన్నీ ఒకే రోజు చూపించాలని పట్టికలో రాసుకున్నాను. వీలవుతుందా?
— ఒక పాఠకురాలు, నరసన్నపేట

సమాధానం: వీలు కాదమ్మా. కారణాలు చెబుతాము.

మీరు ఆ ప్రాంతంవారు కనుక మీకు తెలిసినదే అయినా, బయటి పాఠకులకోసం ముందుగా ఒక సంగతి చెప్పాలి. టికెట్టు మీద శ్రీకాకుళం రోడ్ అని ఉండే స్టేషను శ్రీకాకుళం పట్టణంలో లేదు, ఆమదాలవలసలో ఉంది. పట్టణం నుంచి అక్కడికి పన్నెండు పదమూడు కిలోమీటర్లు. ఈ సంగతి తెలియక పట్టణంలో నింపాదిగా భోంచేసి, రైలు వేళకు పావుగంట ముందు ఆటోను పిలిచినవారు ఎందరో ఉన్నారు. 9 గంటల 30 నిమిషాల రైలుకు మీరు పట్టణం నుంచి 8 గంటలకే కదలాలి.

ఇటువైపు చూస్తే, విమానం 8 గంటలకు దిగినా సామాను అందుకుని బయటపడేసరికి 8 గంటల 45 నిమిషాలు అవుతుంది. జాతీయ రహదారి మీద నూటపది కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం, మధ్యలో టిఫినుకు ఆగడంతో కలిపి, రెండున్నర గంటలకు తగ్గదు. అంటే మీ చెల్లెలు శ్రీకాకుళం చేరేది 11 గంటల 30 నిమిషాల ప్రాంతంలో. ఈ ప్రాంతపు ఆలయాలన్నీ మధ్యాహ్నం మూస్తారు. మళ్లీ తెరిచేది 3 గంటలు దాటాకే. ఆ గడియారం చుట్టూనే మీ రోజంతా తిరగాలి.

కాబట్టి ఆమెను ఊళ్లోకి కూడా తీసుకురాకుండా నేరుగా అరసవల్లికి రమ్మనండి. పట్టణానికి ఆనుకునే ఉంది కనుక మూసేలోపు దర్శనం అవుతుంది. ఆదివారమైతే ఈ సలహా చెల్లదు. సూర్యుడి వారం నాడు, మాఘమాసంలో రథసప్తమి నాడు అక్కడ వరుస ఎంత ఉంటుందో మీకు మేము చెప్పనక్కరలేదు. మరొక అపోహ కూడా తీర్చాలి. స్వామి పాదాలను సూర్యకిరణాలు తాకే దృశ్యం రోజూ కనిపించేది కాదు. ఏడాదిలో రెండుసార్లు, మార్చిలోనూ అక్టోబరులోనూ, కొద్ది రోజులపాటు, అదీ తెల్లవారిన వేళ మాత్రమే. మధ్యాహ్నం వెళ్లి కిరణాలు పడలేదేమిటని అర్చకులను అడిగే బంధువులను మేము చూశాము.

భోజనం, కాస్త విశ్రాంతి. బెంగళూరు నుంచి తెల్లవారుజామున లేచి వచ్చిన మనిషి కదా, ఎండవేళ మీరు ఆమెను ఎక్కడికీ తిప్పవద్దు. 3 గంటలు దాటాక శ్రీకూర్మం బయలుదేరండి. పద్నాలుగు పదిహేను కిలోమీటర్ల దారి. మీరు అడిగిన అయిదింటిలో సాయంకాలానికి ఇంతకన్నా తగిన చోటు లేదు. స్వామి పడమటి ముఖంగా ఉంటాడు. ఆలయానికి ధ్వజస్తంభాలు రెండు, తూర్పున ఒకటి, పడమర ఒకటి. ప్రాకార మండపంలో స్తంభాల మీద తెలుగులోనూ ఒరియాలోనూ ఉన్న శాసనాలు, గోడల మీద వెలిసిపోతున్న పాత వర్ణచిత్రాలు ఉన్నాయి. చాలామంది దర్శనం చేసుకుని, పెరట్లోని నక్షత్ర తాబేళ్లను చూసి నవ్వుకుని, ఆ చిత్రాలవైపు చూడకుండానే బయటికి వస్తారు. మీరు తాబేళ్లను తరువాత చూడండి. వెలుతురు ఉండగానే ముందు మండపం చుట్టూ ఒక్కసారి నెమ్మదిగా నడిచి రండి, బొమ్మలు కంటికి కనిపించేది అప్పుడే. ఆ తరువాత శ్వేతపుష్కరిణి మెట్ల మీద అక్కాచెల్లెళ్లు కూర్చుని మాట్లాడుకోండి. మీరు కలుసుకుంటున్నది అందుకే కదా.

శాలిహుండం, కళింగపట్నం ఒక జంట. వంశధార దక్షిణపు ఒడ్డున కొండ మీద బౌద్ధ స్తూపాలు, అక్కడికి కొద్ది దూరంలో నది సముద్రంలో కలిసే చోటు. శాలిహుండాన్ని 1919లో వెలుగులోకి తెచ్చినది వ్యావహారిక భాషకోసం పోరాడిన గిడుగు రామమూర్తిగారే అన్న సంగతి చాలామంది తెలుగు పండితులకు కూడా గుర్తుండదు. ఆలయాల పట్ల అంత ఆసక్తి లేనివారు అరసవల్లి, శ్రీకూర్మాలకు బదులు ఈ జంటను ఎంచుకోవచ్చు. గుడి వేళలతో పని లేదు కాబట్టి గంటలు కలిసివస్తాయి కూడా. కానీ కొండ ఎక్కడం సాయంత్రం 4 గంటల తరువాతే, కళింగపట్నం తీరం నుంచి తిరిగి రావడం చీకటి పడకముందే. నదీ ముఖం దగ్గర నీళ్లలోకి దిగవద్దు.

శ్రీముఖలింగాన్ని పట్టిక నుంచి కొట్టేయమంటున్నాము. అది తక్కువదని కాదు. తూర్పు గాంగుల కళింగనగరం అదేనని చరిత్రకారులు చెప్పిన చోటు. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వరాలయాల శిల్పాలను చూడాలంటే కనీసం మూడు గంటలు కావాలి. రానూపోనూ తొంభై కిలోమీటర్లు. నరసన్నపేట నుంచి మీకు దగ్గరే కనుక, చెల్లెలు ఈసారి సెలవు పెట్టుకుని వచ్చినప్పుడు మీ ఇంట్లో రాత్రి ఉండి ఉదయాన్నే వెళ్లండి.

ప్రశ్న: భోగాపురం విమానాశ్రయం నుంచి ప్రయాణం చేసేవారికి ఈ వేళల లెక్క ఎలా మారుతుంది?
— ఒక పాఠకుడు, చీపురుపల్లి

సమాధానం: చాలా మారుతుంది. ఇంతకాలం ఉత్తరాంధ్రవారు విమానం ఎక్కుతున్న విశాఖపట్నం విమానాశ్రయం నౌకాదళపు ఐ.ఎన్.ఎస్. డేగ స్థావరంలో భాగం. అక్కడికి చేరాలంటే మనవైపువారు నగరాన్ని మొత్తం దాటుకుని పోవాలి. 2023 మే 3న శంకుస్థాపన జరిగిన అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయం నగరానికి ఇవతలే, జాతీయ రహదారికి దగ్గరలో, విజయనగరం పట్టణానికి పాతిక కిలోమీటర్ల దూరంలో ఉంది. మొదటి ఉత్తరంలోని పార్వతీపురం కుటుంబం అక్కడి నుంచి బయలుదేరేదైతే విజయనగరంలో 3 గంటల 30 నిమిషాలకు కాక 5 గంటలకు కారు ఎక్కితే సరిపోతుంది. ఆ గంటన్నరలో వారు గురజాడ ఇల్లు, సంగీత కళాశాల రెండూ చూడగలరు. శ్రీకాకుళంవారికి ఒక గంట కలిసివస్తుంది.

టికెట్టు తీసుకునేటప్పుడు విమానాశ్రయం పేరును ఒకటికి రెండుసార్లు చదువుకోండి. రెండు చోట్లకూ ప్రజలు వైజాగ్ ఎయిర్‌పోర్టు అనే అంటారు, కారు డ్రైవర్లు కూడా అలవాటు కొద్దీ పాత దారినే పట్టవచ్చు.

భోగాపురం పరిసరాలలోనే రెండు మూడు గంటలు గడపాలనుకుంటే పూసపాటిరేగ వైపు చింతపల్లి తీరం, అక్కడి దీపస్తంభం ఉన్నాయి. ఆ మండలంలోనే ఉన్న కుమిలి, విజయనగరం కోట కట్టకముందు పూసపాటివారి స్థానం. ఇప్పుడది ప్రశాంతమైన పల్లెటూరు. చరిత్ర తెలిసినవారు తప్ప ప్రత్యేకంగా వెళ్లవలసిన పని లేదు.

ప్రశ్న: మా అమ్మగారికి 76 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. రైలుకు, విమానానికి మధ్య విజయనగరంలో మూడు గంటలే ఖాళీ. ఏమి చూపించగలను?
— ఒక పాఠకురాలు, సాలూరు

సమాధానం: ఏమీ చూపించకండి. ఆమెను అడగండి. మోకాళ్ల నొప్పులున్నవారికి మూడు గంటల వ్యవధిలో కావలసింది శుభ్రమైన మరుగుదొడ్డి, వేడి అన్నం, కాళ్లు చాపుకునే చోటు. ఖాయమైన రైలు టికెట్టు ఉన్నవారు స్టేషనులోని విశ్రాంతి గదిని పి.ఎన్.ఆర్. నంబరుతో ముందే కోరవచ్చు. దొరకకపోతే స్టేషను దగ్గరలో ఏ లాడ్జిలోనైనా పూటకు గది తీసుకోండి. అమ్మగారు అడిగితే వనం గుడి దగ్గరే ఉంది, ఆటో గుమ్మం దాకా వెళ్తుంది. విమానంలో చక్రాల కుర్చీ కావాలని టికెట్టు తీసుకునేటప్పుడే నమోదు చేయించండి, అక్కడికి వెళ్లాక అడిగితే ఆలస్యం అవుతుంది. మాత్రలు చేతిసంచిలోనే ఉండాలి, పెట్టెలో వద్దు.

ప్రశ్న: మా అబ్బాయి ఢిల్లీలో ఉంటాడు. సెలవులకు వచ్చి తిరిగి వెళ్లేటప్పుడు శ్రీకాకుళంలో మూడు గంటలు ఆగి, అక్కడి నుంచి విమానాశ్రయానికి వెళ్తాడు. ఆ వ్యవధిలో పొందూరు పంచె కొనాలనుకుంటున్నాడు. మా ఉద్దానం నుంచి జీడిపప్పు, ఎండు కొబ్బరి, ఆవకాయ కట్టి ఇస్తున్నాను. విమానంలో ఇబ్బంది ఉంటుందా?
— ఒక పాఠకురాలు, కవిటి

సమాధానం: పంచెకోసం వెళ్తే దుకాణంతో ఆగకుండా పొందూరుకే వెళ్లమనండి. శ్రీకాకుళం నుంచి పాతిక కిలోమీటర్లు కూడా ఉండదు, మూడు గంటలలో వెళ్లి రావచ్చు. అక్కడి సన్నఖద్దరు గొప్పతనం నూలులో ఉంది, ఆ నూలు గొప్పతనం పత్తిని శుభ్రం చేసే తీరులో ఉంది. కొండపత్తిలోని నలకను వాలుగ చేప దవడ ఎముకతో ఏకి తీస్తారు. ఆ ఎముకకు ఉండే సన్నని పళ్లు దువ్వెనలాగా పత్తి పోగులను తెగనీయకుండా చక్కబరుస్తాయి. ఏకడం, ఏకు చుట్టడం, రాట్నం మీద వడకడం, చిలక చుట్టడం దాకా పనంతా చేతితోనే, ఎక్కువగా పెద్ద వయసు ఆడవారి చేతితోనే సాగుతుంది. వందో నంబరు నూలు అలా తీస్తారు. ఈ పని ఒక్క అరగంట కళ్లారా చూసినవాడు పంచె ధర గురించి బేరం ఆడడు.

కొనేటప్పుడు ఖాదీ సంఘం దుకాణంలోనే కొని, రసీదు తీసుకోమనండి. పొందూరు పేరు చెప్పి మిల్లు నూలు బట్టను అమ్మేవారు దారి పొడవునా ఉన్నారు.

ఇక మూట సంగతి. జీడిపప్పుకు ఏ అభ్యంతరమూ లేదు, చేతిసంచిలో అయినా పెట్టెలో అయినా పెట్టవచ్చు. ఆవకాయను చేతిసంచిలో పెడితే తనిఖీ దగ్గర తీసేస్తారు; సీసాలో కాక మూత బిగుతుగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పోసి, పైన రెండు కవర్లు చుట్టి, చెకిన్ పెట్టెలో బట్టల మధ్య పెట్టండి. చిక్కంతా ఎండు కొబ్బరితోనే. కొబ్బరి కురిడీలో నూనె ఎక్కువ కనుక వేడికి దానంతట అదే అంటుకునే స్వభావం ఉన్న వస్తువుగా విమానయాన నియమాలు దానిని పరిగణిస్తాయి. 2022 నుంచి చెకిన్ సామానులో దానికి అనుమతి లేదు. ఎక్స్‌రేలో కనిపిస్తే పెట్టె తెరిపించి, తీయించి, ఆలస్యం చేస్తారు. ఉద్దానం తల్లులందరికీ ఇది కష్టంగానే తోస్తుందని తెలుసు. కొబ్బరిని లౌజుగా చేసి పంపితే ఆ బాధ ఉండదు. పవర్ బ్యాంకు మాత్రం పెట్టెలో కాక చేతిసంచిలోనే ఉండాలని అబ్బాయికి గుర్తుచేయండి.